వదిన ఒంట్లో దారులు

1. సోమవారం. ఎండ, గాలి లేదు.

కౌన్సిల్ వారికి నమస్కారం. వర్క్‌షాప్ నడిపే డాక్టరు ఏరోజుకారోజు నివేదిక రాసి తంతి మీద రాజధానికి పంపాలని మీ నియమం. ఇన్నేళ్లుగా పంపుతూనే ఉన్నాను. ప్రతిసారీ 'అందినది' అన్న ఒక్క ముక్కే తిరిగొస్తుంది. ఒకసారి ఉండబట్టలేక మధ్యలో వెదురుకొమ్ముల పచ్చడి ఎలా పెట్టాలో రాశాను. దానికీ 'అందినది' అనే వచ్చింది. కాబట్టి మీరు చదవరన్న ధీమాతో ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున్నే పైకప్పెక్కి సూర్యపలకలు తుడిచాను. ఎక్స్‌రే తగలకుండా వేసుకునే సీసం ఆప్రాన్లకు పట్టిన బూజు గుడ్డతో దులిపి ఎండలో వేశాను. పైడమ్మ సిస్టరు రక్తనాళాల్లోకి పంపే గైడ్ వైర్లు ఉడకబెట్టి తాడు మీద వరసగా ఆరేసింది. సముద్రం ఇంకా కిందనే ఉన్న రోజుల్లో ఒక్కో వైరు ఒక్క రోగికే వాడి పారేసేవాళ్లమని చెబితే ఈ కాలం డాక్టర్లు నవ్వుతారు. నేను కోతలు కోస్తున్నానని వాళ్ల నమ్మకం.

మధ్యాహ్నానికి తీగబండిలో డాక్టర్లు దిగారు. చుట్టుపక్కల కొండల మీది ఊళ్లలో ఇంటర్వెన్షనల్ రేడియాలజీ చేసేవాళ్లంతా వీళ్లే, ఓ అరడజను మంది. అందరికంటే పెద్దవాడు జోగినాయుడు దిగీదిగగానే, "మాస్టారూ, ఈసారైనా కాఫీలో పాలుంటాయా?" అన్నాడు. అందరికంటే చిన్నది సువర్చల. ఆ అమ్మాయి నాకు నమస్కారం పెట్టి, సంచీ కూడా దించకుండా నేరుగా లోపలికి వెళ్లి వదినకి కప్పిన చీర సర్దింది.

మా విద్య గురించి చెప్పాలంటే పెద్దగా ఏం లేదు. తొడ మొదట్లో చిన్న రంధ్రం పెట్టి, అందులోంచి సన్నటి వైరు, వైరు మీదుగా ఒక గొట్టం పంపుతాం. తెర మీద ఎక్స్‌రే నీడ చూసుకుంటూ రక్తనాళాల్లోంచి నడిచి వెళ్లి, రక్తం కారుతున్న చోట బిరడా కొట్టి వెనక్కి వస్తాం. కోత లేదు, కుట్టు లేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ పని మేము చెయ్యం. బల్ల పైన కప్పుకి వేలాడే పెద్దచెయ్యి అనే యంత్రం చేస్తుంది. దాన్ని ఆడించే బుర్ర రాజధానిలో ఉంది, మధ్యలో తంతి. తుఫానుల నెలల్లో తంతి తెగితే పెద్దచెయ్యి ఉట్టిలా వేలాడుతుంది. అప్పుడు మనిషి చెయ్యి కావాలి. అందుకని తుఫానుల ముందు ఏటా ఈ వర్క్‌షాప్, చివర్లో చేతిపని పరీక్ష. పరీక్ష తప్పిన డాక్టరు ఆ ఏడాది వైరు ముట్టుకోకూడదు.

పరీక్ష నాకూ ఉంది. పరీక్షలో మొదటి స్థానం వచ్చిన డాక్టరు గురువుని పరీక్షించాలని మీరే రాశారు. ఏటా అది టీ తాగే వేళకి చేసే వేడుక. నేను వైరు పెడతాను, వాళ్లు చప్పట్లు కొడతారు, పైడమ్మ పకోడీలు తెస్తుంది.

2. మంగళవారం. ఎండ. సాయంత్రానికి ఉక్క.

వదిన గురించి కూడా రాయాలి. మీ కాగితాల్లో ఆమె పేరు 'నమూనా ఒకటి'. మెడ నుంచి మోకాళ్ల దాకా తేనె రంగు జిగురుతో పోతపోసిన ఒళ్లు. లోపల బోలు రక్తనాళాలు, వాటిలో నీళ్లు తిప్పే చిన్న మోటారు. పనిలేనప్పుడు పైడమ్మ ఆమె మీద నూలు చీర కప్పి ఉంచుతుంది.

ఆ ఒళ్లు నా భార్య భాగీరథిది. ఈ వర్క్‌షాప్ మొదలుపెట్టింది ఆమే. నమూనా పోతపొయ్యడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి స్కాన్ కావాలన్నప్పుడు, "ఎవర్నో బతిమాలడం దేనికి, నేనే పడుకుంటాను," అని స్కానరులోకి వెళ్లి పడుకుంది. తర్వాత కొండ జ్వరం వచ్చి చనిపోయింది. స్కాన్ దాచిన చోటూ, ఆ జిగురు చేసిన ఫ్యాక్టరీ రెండూ ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. నా తోటి డాక్టర్లు భాగీరథిని వదిన అనేవాళ్లు, నమూనానీ అలాగే పిలిచారు. వాళ్ల తర్వాత వచ్చినవాళ్లకీ అదే అలవాటైంది. నా మనవడి వయసు వాళ్లు కూడా ఆమెని వదినే అంటారు.

రోగిని ముట్టుకునే ముందు చెప్పి ముట్టుకోవాలని భాగీరథి పట్టుదల. అందుకని వైరు పెట్టే ముందు ప్రతి డాక్టరూ నమూనా భుజం తట్టి, "వదినా, వస్తున్నాం," అంటాడు. చెప్పకుండా మొదలెడితే పైడమ్మ చెయ్యి మీద ఒక్కటి వేస్తుంది.

ఇవాళంతా సాధన. నాళాలు తెర మీద కనబడాలంటే రంగుమందు ఎక్కించాలి. రంగుమందు ఆఖరి పెట్టెకి వచ్చింది. దాన్ని మనుషులకని దాచి, కొన్నేళ్లుగా వదిన దగ్గర ఉత్త వైరుతోనే సాధన చేయిస్తున్నాం. ఇబ్బందేం లేదు, అందరికీ దారి తెలుసు. కుడి తొడలోంచి పైకి, నాళాలు చీలే చోట మలుపు తిరిగి ఎడమ పక్కకి, అక్కడ కొంచెం వెనక్కి లాగి పావు తిప్పు తిప్పితే లోపలి కొమ్మలోకి వైరు దానంతటదే జారుతుంది. భాగీరథికి ఆ కొమ్మ కాస్త ఎత్తున ఉండేది.

సువర్చల వంతు వచ్చినప్పుడు జోగినాయుడు పందెం వేశాడు. "కళ్లు మూసుకుని చెయ్యగలవా?" అన్నాడు. ఆ పిల్ల నిజంగానే కళ్లు మూసుకుంది. మేము తెర వైపు చూస్తుండగానే వైరు పావు తిప్పు తిరిగి కొమ్మలోకి దిగిపోయింది. వర్క్‌షాప్ నడిచే ఈ పాత గోడౌను మారుమోగేలా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అబద్ధం దేనికి, గర్వంతో నా కళ్లు చెమర్చాయి. భాగీరథి ఉంటే ఈ పిల్లని దగ్గరకు తీసుకునేది అనుకున్నాను.

సాయంత్రం పెద్దచెయ్యి రెండుసార్లు ఉన్నట్టుండి గాల్లో ఆగింది. తంతి బలహీనంగా ఉంది.

3. బుధవారం. తూర్పు గాలి. మబ్బు.

పొద్దున్న సన్యాసిరావు వచ్చాడు. తంతి స్తంభాలెక్కి ముడులు వేసే మనిషి. ఈ కొండల మీద ఆ పని తెలిసినవాడు ఇంకొకడు లేడు. వచ్చినప్పుడల్లా పైడమ్మ అతనికి పెద్ద గ్లాసుతో కాఫీ ఇస్తుంది, జోగినాయుడు ఆ గ్లాసు వైపు దిగులుగా చూస్తాడు.

"ఏటి బాబూ, మీ పెద్దసెయ్యికి పచ్చవాతమొచ్చినాదంట?" అన్నాడు సన్యాసిరావు.

"వచ్చింది. నీ వైద్యమే మిగిలింది," అన్నాను.

"గాలి పెరుగుతున్నాది. రేపు పొద్దుగాల ఎక్కీసి బిగించీస్తాను. తరవాతైతే ఎక్కనేను."

గాలి తగ్గాక చూసుకోవచ్చు కదా అన్నాను. ఊరంతా ఆ తంతి మీదే బతుకుతున్నాది కదా బాబూ అన్నాడు. అది నిజమే. పురుడొచ్చినా, గుండె నొప్పొచ్చినా, మేమంతా పెద్దచెయ్యి మీద భారం వేసే అలవాటులో పడ్డాం. నేను ఇంకాస్త గట్టిగా వద్దని ఉంటే ఆగేవాడేమో. 

మధ్యాహ్నం డాక్టర్లు వదిన దగ్గర పోటీలు పెట్టుకున్నారు. నేను చూస్తూ కూర్చున్నాను. ఎవరి చెయ్యీ తడబడలేదు.

4. గురువారం. గాలీ వానా.

తంతి తెగింది కాబట్టి ఇది మీకు అందదు. అయినా రాస్తున్నాను.

సన్యాసిరావు చెప్పినట్టే పొద్దున్నే స్తంభం ఎక్కాడు. గాలి విసురుకి తంతి తెగి అతన్ని కొట్టింది. బండల మీద పడ్డాడు. పొరుగువాళ్లు తలుపు చెక్క మీద వేసుకుని మోసుకొచ్చారు. కటి ఎముక విరిగింది. ఎడమ పక్క లోపల్లోపలే రక్తం కారుతోంది. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది. పెద్దచెయ్యి కప్పు మీద కదలకుండా వేలాడుతోంది.

నేను చెయ్యాలా, సువర్చల చెయ్యాలా అని ఒక్క క్షణం ఆలోచించాను. నా చేతులు నిదానం. ఆమె చేతులు చురుకు. అతని రక్తపోటు చూస్తుండగానే పడిపోతోంది. "నువ్వు నిలబడమ్మా," అన్నాను. ఆమె ఆప్రాన్ వేసుకుని, చేతులు కడుక్కుని వచ్చి, సన్యాసిరావు భుజం తట్టి, "వదినా, వస్తున్నాం," అంది.

అతను స్పృహలోనే ఉన్నాడు. అంత నొప్పిలోనూ పెదాలు కదిలించి, "నానేటమ్మా, మీ వదినెలగవుతాను?" అన్నాడు.

మేమంతా నవ్వాం. జోగినాయుడు నవ్వాడు, పైడమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నవ్వు నన్నిప్పుడు కూర్చోనివ్వడం లేదు. ఆ పిల్ల ఎదురుగా ఎవరున్నారో ఆమె నోరే చెప్పేసింది. గదిలో ఇంతమంది పెద్ద డాక్టర్లం ఉండి, ఎవరమూ వినలేదు.

ఆమె రంగుమందు అడగలేదు. నేనూ అందించలేదు. వైరు కుడి తొడలోంచి ఎక్కింది, మలుపు తిరిగింది, ఎడమ పక్కకి వెళ్లింది. కొంచెం వెనక్కి లాగి పావు తిప్పు తిప్పింది. వైరు జారలేదు. మళ్లీ తిప్పింది. జారలేదు. మూడోసారి కాస్త నెట్టింది.

నెట్టినప్పుడు వైరు తెర మీద ఎలా వంగిందో చూడగానే నాకు తెలిసిపోయింది. "ఆపు," అన్నాను. అప్పటికే నాళం గోడలో పొర చీలిపోయింది. అప్పుడు రంగుమందు ఎక్కించి చూస్తే, సన్యాసిరావుకి ఆ కొమ్మ వదినకంటే బాగా కింద ఉంది. మనుషుల్లో చాలామందికి అక్కడే ఉంటుంది. అది చదువుకున్న రోజుల్లో మా అందరికీ తెలిసిన సంగతే.

మిగతా పని నేను చేశాను. ప్రతి అంగుళానికీ రంగుమందు వేసి చూసుకుంటూ, ఎంతో సేపు పట్టింది. రక్తం కారే చోటు దొరికింది, బిరడా పడింది, కారడం ఆగింది. ప్రాణం నిలబడింది. కానీ చీలిన పొర మడతపడి కాలికి వెళ్లే దారికి అడ్డంగా పడింది. దాన్ని తెరవడానికి నాకు తెలిసినవన్నీ చేశాను. సాయంత్రానికి అతని ఎడమ పాదం చల్లబడిపోయింది.

5. శుక్రవారం. వాన.

పొద్దున్న మా ఊరి సర్జను సన్యాసిరావు ఎడమ కాలు మోకాలి కింద తీసేశాడు.

మెలకువ వచ్చాక నేనే వెళ్లి చెప్పాను. పడడం వల్ల కాలు పోలేదు, మా వైరు వల్ల పోయింది అని చెప్పాను. అతను "మరి తంతి ఎవులెక్కుతారు బాబూ?" అని మాత్రం అడిగి, గోడ వైపు తిరిగిపోయాడు. నేను ఇంకాసేపు కూర్చున్నాను కానీ అతను ఇటు తిరగలేదు.

సువర్చల గోడౌను మెట్ల మీద వానలో తడుస్తూ కూర్చుని ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నా చేతులు విరగ్గొట్టండి సార్," అంది.

"విరగ్గొడితే తంతి తెగినప్పుడు ఎవరు చేస్తారు? లే."

"అంత బాగా ఎలా వచ్చు సార్ నాకు? కళ్లు మూసుకుని చేశానే! అందరూ చప్పట్లు కొట్టారే!"

"వదిన మీద వచ్చమ్మా నీకు. మనుషుల మీద రాదు. నేను నేర్పలేదు," అన్నాను.

అనడమైతే అన్నాను కానీ, అది నాకే పూర్తిగా ఎక్కలేదు. అందుకని మధ్యాహ్నం అందర్నీ కూర్చోబెట్టి తలా ఒక కాగితం ఇచ్చాను. "ఎవరో ఒక మనిషి. మీకు తెలియని మనిషి. నడుం కింది నాళాలు గీయండి," అన్నాను. జోగినాయుడు, "చిన్నపిల్లల్లా బొమ్మలేటి మాస్టారూ," అంటూనే గీశాడు. కాగితాలన్నీ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టాను. అందరూ ఒకే మనిషిని గీశారు. ఎడమ పక్క కొమ్మ కాస్త ఎత్తున, దాని కింద చిన్న వంపు. ఒక్కరి చెయ్యీ ఇంకోలా పోలేదు.

 జోగినాయుడు తన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇన్నేళ్లూ నేను వీళ్లకి డాక్టరీ నేర్పుతున్నాననుకున్నాను. నా భార్య ఒంట్లో దారులు బట్టీ పట్టించాను. ఎవరైనా ఆమె మీద హాయిగా వైరు నడిపితే నాకు సంతోషంగా ఉండేది. ఆమెని ఇంకా ఎవరో పలకరిస్తున్నట్టు ఉండేది. ఆ సంతోషంలో మిగతాదేదీ చూడలేదు. చాలా బాధగా ఉంది. ఇంకెలా రాయాలో తెలియడం లేదు.

6. శనివారం. వాన తగ్గింది. ఇంకో వాయుగుండం ఉందంటున్నారు.

ఇంకో తుఫాను వస్తోంది. తంతి లేదు, తంతి కట్టే మనిషికి కాలు లేదు. ఈ కొండల మీద ఇక ఉన్నవి ఈ డాక్టర్ల చేతులే, ఆ చేతులకి ఒకే ఒక మనిషి తెలుసు. వీళ్లని ఇలాగే ఇళ్లకి పంపితే, వచ్చే వారం ఎవరో ఒకరి కొమ్మ కింద ఉంటుంది, వైరు పైన తడుముతుంది.

దారి ఒక్కటే కనబడింది. ఈ జిగురు మరిగే నీళ్లలో మెత్తబడి కరుగుతుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. ఒంటిని అలాగే ఉంచి, నాళాలు మాత్రం కరిగించి విడివిడి కొమ్మలుగా పోసి, ఏరోజుకారోజు మార్చి తగిలించుకునేలా చెయ్యొచ్చు. ఎవరికి ఏ కొమ్మ పడుతుందో ముందు తెలియకూడదు. కానీ జిగురు వదిన దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

చెప్పగానే పైడమ్మ ఎగిరిపడింది. "అమ్మగార్ని నీళ్లల్లో ఉడకబెట్టమంటారా? మీకు మతి పోనాదేటి బాబుగారూ?"

"అది అమ్మగారు కాదు పైడమ్మా. జిగురు."

"మరైతే ఇన్నాళ్లూ చీరెందుకు కప్పించినారు?"



కరిగించే ముందు స్కాన్ తీసి ఉంచుకుందామని జోగినాయుడు అన్నాడు. మంచివాడు, పాపం. ఒళ్లంతా చుట్టూ తిరిగి చూసే స్కానరు రాజధానిలో తప్ప ఎక్కడా లేదు. ఇక్కడున్నది ఈ తెర ఒక్కటే. తెర మీద నీడ తీస్తే నీడే వస్తుంది. వద్దన్నాను.

నమూనా కోసం నిజం మనుషుల నాళాలు కావాలి. గురువారం తెర మీద పడ్డ సన్యాసిరావు నాళాల బొమ్మలు ఉన్నాయి. వాడుకోవచ్చా అని అడగడానికి వెళ్లాను. ఇవాళ గోడ వైపు తిరిగి లేడు.

"నా నరాలు పెట్టి నేర్పుతారా?"

"నీవీ, ఇంకొందరివీ. నీకిష్టం లేకపోతే లేదు."

"ఆయమ్మ నేర్సుకుంటాదా?"

"ముందు ఆమే నేర్చుకోవాలి."

"అయితే పెట్టండి," అన్నాడు. నేను లేవబోతుంటే, "నాకు కోపం లేదనుకోకండి బాబూ. శానా ఉన్నాది," అన్నాడు. ఉండాలి. ఉండదని అంటే నేను నమ్మేవాణ్ని కాదు.

తిరిగొచ్చి అందర్నీ బయటికి పంపి గది తలుపు వేసుకున్నాను. చీర తీసి, భుజం తట్టి, చెప్పాల్సింది చెప్పి, వైరు పెట్టాను. ఎక్స్‌రే తెర వెయ్యలేదు. కుడి పక్కన పైకి వెళ్లాను. మలుపు తిరిగి ఎడమ పక్కకి వెళ్లాను. కొంచెం వెనక్కి లాగి పావు తిప్పు తిప్పాను. వైరు జారిన చప్పుడు ఉండదు కానీ వేళ్లకి తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆమె ఎడమ పక్కకి తిరిగి పడుకునేది, ఆ పక్కనే కొమ్మ ఎత్తున ఉందని చాలా ఏళ్ల తర్వాత స్కానులో చూసి ఇద్దరం నవ్వుకున్నాం. అది గుర్తొచ్చింది. వైరు వెనక్కి తీసేశాను.

కరిగించడం నేను చూడలేకపోయాను. సువర్చల, పైడమ్మ ఆ పని చేశారు. నేను పైకప్పెక్కి తడి పలకలు తుడుస్తూ కూర్చున్నాను. వానలో పలకలు తుడవడం ఎంత తెలివితక్కువ పనో నాకు తెలుసు.

7. ఆదివారం. మబ్బు.

రోజంతా కొమ్మలు పోశాం. ఒక్కో డాక్టరు తన చేతిలో పడ్డ పాత రోగుల్ని గుర్తు చేసుకుని, వాళ్ల నాళాల తీరున తీగలు వంచాడు. తీగ చుట్టూ జిగురు పోసి, చల్లారాక తీగ లాగేస్తే బోలు కొమ్మ మిగులుతుంది. మొదట్లో అందరి తీగలూ వదినలాగే వంగాయి. తిట్టి మళ్లీ చేయించాను. జోగినాయుడు మాత్రం, "మా ఊరి మునసబు నాళాలు మాస్టారూ, మనిషిలాగే వంకర," అని ఒకటి చేశాడు. గురువారం తర్వాత పైడమ్మ నవ్వడం ఇదే.

సాయంత్రం కొమ్మలు మార్చిన ఒంటి మీద గుడ్డ కప్పి, లోపల ఏ కొమ్మ ఉందో చెప్పకుండా ఒక్కొక్కరితో చేయించాను. రంగుమందు ఖర్చవుతుందని తెలిసీ, పెట్టెలోంచి కొంచెం తీసి ఇచ్చాను. అందరూ తంటాలు పడ్డారు. చెమటలు కక్కారు. సువర్చల వైరు ముట్టుకునే ముందు గుడ్డ మీద చెయ్యేసి, "ఎవరండీ మీరు?" అని అడిగింది. వేళాకోళానికి కాదు. తర్వాత కొంచెం రంగుమందు ఎక్కించి, తెర వైపు చూసి, ఆగి, మళ్లీ చూసి, వైరుని నిదానంగా నడిపింది. అందరికంటే నిదానం ఆమెదే. వైరు సరైన చోటికి వెళ్లింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టవద్దని నేనేం చెప్పలేదు.

8. సోమవారం. గాలి మొదలైంది.

పొద్దున్న పరీక్ష. ఇద్దరు తప్పారు. జోగినాయుడు గట్టెక్కాడు. అన్నిటికంటే మంచి చెయ్యి సువర్చలదే. కాబట్టి నియమం ప్రకారం మధ్యాహ్నం నన్ను ఆమె పరీక్షించాలి.

ఆమె కొమ్మ మార్చి గుడ్డ కప్పింది. అందరూ గోడ పక్కన నిలబడ్డారు. పైడమ్మ పకోడీల పళ్లెం కిటికీలో పెట్టింది. నేను ఆప్రాన్ వేసుకుని, గుడ్డ మీద చెయ్యేసి చెప్పి, రంగుమందు ఎక్కించాను. తెర మీద స్పష్టంగా కనబడింది. కొమ్మ కింద ఉంది. సన్యాసిరావు కొమ్మే అది.

వైరు పైకి పంపాను, మలుపు తిప్పాను, ఎడమ పక్కకి వెళ్లాను. కింద ఉంది, కింద ఉంది అనుకుంటూనే ఉన్నాను. చెయ్యి కొంచెం వెనక్కి లాగి పావు తిప్పు తిప్పింది.

"సార్, అటు దారి లేదు," అంది సువర్చల, నెమ్మదిగా.

"తెలుసమ్మా," అని వెనక్కి తీశాను. మళ్లీ పంపాను. కళ్లు తెర మీదే ఉన్నాయి. చెయ్యి మళ్లీ పైనే ఆగి, మళ్లీ పావు తిప్పు తిప్పింది. నేను చెయ్యమనలేదు. మూడోసారీ అంతే. గురువారం సన్యాసిరావు మీద అంతసేపు ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమైంది. నిదానం అనుకున్నాను. ప్రతి అంగుళంలోనూ నా చేతితో నేనే పెనుగులాడాను. ఆ సేపట్లోనే అతని పాదం చల్లబడింది. తొందరగా తెరవగలిగి ఉంటే కాలు దక్కేదో లేదో ఎప్పటికీ తెలియదు.

వైరు తీసి బల్ల మీద పెట్టాను. సువర్చల కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అందర్నీ పకోడీలు తినమని బయటికి పంపి, బీరువాలోంచి చిన్న గుడ్డ మూట తెచ్చింది. విప్పితే తేనె రంగు కొమ్మ. ఎత్తున ఒక చీలిక, దాని కింద చిన్న వంపు.

"కరిగించే ముందు కోసి దాచాను సార్. పైడమ్మగారు కూడా వద్దనలేదు. ఇది తగిలిస్తాను. ఇంకొక్కసారి చెయ్యండి. ఇది కూడా ఒక మనిషిదే కదా సార్, నియమం ఒప్పుకుంటుంది."

అది చేతిలోకి తీసుకున్నాను. వేలెడంత ఉంది. బరువే లేదు. తగిలిస్తే నేను కళ్లు మూసుకుని పాసవుతాను.

"రోగి వచ్చి, ఆ కొమ్మ నీకు కుదరదు, మా ఆవిడ కొమ్మ తగిలిస్తానుండు అంటానా?" అన్నాను.

"సార్, మీరు తప్పితే ఈ వర్క్‌షాప్ ఎవరు..."

"నువ్వు. ఆ మాట నీకు తెలుసు. ఊరికే అడుగుతున్నావు."

ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తర్వాత వెనక వసారాలోకి వెళ్లాం. పైడమ్మ వైర్లు ఉడకబెడుతోంది. మూట చూసి పక్కకి జరిగింది. కొమ్మని నేనే నీళ్లలో వేశాను. కాసేపు తేలింది, తర్వాత మెత్తబడి ఆకారం పోయింది. దాంతో ఇంకో కొమ్మ పోసుకోవచ్చు, పారెయ్యకండి అని చెప్పాను. సువర్చల గరిటెతో తీసి చల్లారబెట్టింది.

సాయంత్రం సన్యాసిరావు దగ్గరికి వెళ్లి నేను పరీక్ష తప్పానని చెప్పాను. "ఇదేటి బాబూ, మీక్కూడానా!" అన్నాడు. అతని మొహంలో కోపం కాసేపు ఎటో పోయింది.

ఇక నియమం ప్రకారం ఫలితం రాయాలి. సువర్చల చెయ్యి రాయనని మొరాయిస్తే నేనే చెప్పి రాయించాను. తంతి ఎవరైనా కట్టిన రోజున మీకు అందుతుంది. ఈ ఒక్కటీ చదవండి.

డాక్టర్ కూర్మనాథం. చేతిపని పరీక్ష. తప్పాడు. కారణం: ఎదురుగా ఉన్న మనిషి దగ్గరికి వెళ్లలేదు.